రెండోసారి అడగని కమిటీ

మా పెద్దబాపుకు సన్నాయి వాయించడం రాదని సర్కారు కాగితం మీద రాసి, కింద ముద్ర గుద్ది, ఇంటికి పంపింది. ఆ మాట ఆయన నోటితోనే చెప్పాడని కూడా అందులో రాసింది. అన్యాయం అంటే ఇదీ. ఇన్నేళ్లయినా నాకు కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా లేదు.

మాది పాతబస్తీలోని హుస్సేనీ ఆలం. మా కులానికి రెండు పనులు, క్షౌరం ఒకటి, మంగళవాద్యం ఒకటి. మా బాపు కత్తి పట్టాడు. ఆయన అన్న, అంటే మా పెద్దబాపు, సన్నాయి పట్టాడు. మీసాలు రాకముందే ఒక దేవిడీలో, అంటే జాగీర్దారు దొర హవేలీలో, దర్వాజా మీద కూర్చుని పూటపూటా నౌబత్ మేళం వాయించే ముసలి ఉస్తాద్ దగ్గర చేరి, ఆయన హుక్కా నింపి, కాళ్లు పిసికి, తిట్లు తిని నేర్చుకున్నాడు. ఉస్తాద్ కాలం చేశాక అదే దేవిడీ దర్వాజా మీది గదిలో తాను కూర్చున్నాడు. తెల్లవారుజామున మా గల్లీ గుళ్లో సేవ, పొద్దు గూకే వేళ దేవిడీలో నౌబత్. ఆయన బతుకంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావాల్సినవే, నేను వాటికోసం ఏడ్చేవాణ్ణి కాను. కానీ దేవిడీ వాళ్లు ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు గుర్రాల కంటే ముందు నౌబత్‌ను తీసేశారు. గుర్రాలను అమ్మితే డబ్బొస్తుంది, సన్నాయివాణ్ణి ఎవరు కొంటారు? గుడి మిగిలింది. ఆ గుళ్లో పూజారి పూటే గడవడం లేదు. సన్నాయికి దక్కేది పిడికెడు పులిహోర.

అప్పుడు చార్మినార్ దగ్గర బరాత్ బ్యాండు నడిపే ఒకాయన మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పెద్దబాపుకు బాగా తెలిసినవాడే, మనసులో చెడు లేనివాడే.

"సన్నాయి ఎవడింటున్నడు అన్నా? క్లారినెట్ పట్టు. వేళ్లు అవే, ఊపిరి అదే. సినిమా పాటలు నాలుగు నేర్సుకుంటే సాలు. కోటు, టోపీ నేనే ఇస్త."

ఆ కోటు మేమంతా చూసిందే. ఎర్రది, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, టోపీకి తురాయి.

"ఆలోచిస్త భాయ్," అని ఆయన్ను సాగనంపి, పెద్దబాపు లోపలికి వచ్చి పెద్దమ్మతో అన్నాడు, "ఆ కోటు తొడుక్కుంటే నేను ఆడిచ్చే కోతి లెక్క కనవడత."

"కోతే నయం," అంది పెద్దమ్మ. "అది దునికి సంపాయిస్తది. నువ్వు కూసోని తింటున్నవు."

పెద్దమ్మ అలా అన్నదే గానీ, ఆ కోటు ఇంట్లోకి రావడం ఆమెకూ ఇష్టం లేదు. ఏదో ఒక దారి దొరికితే ఆయన సన్నాయితోనే పోతాడని మా అందరి ఆశ.

నేను బడికి పోలేదు. మా దుకాణానికి గిరాకీల కోసం ఒక ఉర్దూ పత్రిక, ఒక తెలుగు పత్రిక వచ్చేవి. నురగ పట్టిన గడ్డాల పక్కన నిలబడి, గిరాకీలనే అడిగి, అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లు దాటేసరికి ఏ పత్రికైనా గడగడా చదివేవాణ్ణి. ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో ఒకరోజు అట్లాగే కనబడింది ఆ ప్రకటన. కళనే నమ్ముకుని బతికే వృద్ధ కళాకారులకు, వాళ్ల విద్య మానకుండా ఉండటానికి సర్కారు నెలనెలా సహాయం చేస్తుందట. ఒక కమిటీ పిలిచి, విని, నిర్ణయిస్తుందట. పత్రిక పట్టుకుని అలాగే వీధిలోకి ఉరికాను.

"అరే మియా! సగం గడ్డంతోని ఇడిసిపెట్టి ఏడికి?" అని కుర్చీలో గిరాకీ అరిచాడు. ఆయన గడ్డం మా బాపు పూర్తి చేశాడు.

పెద్దబాపు మొత్తం విని తల అడ్డంగా ఊపాడు. "అడుక్కునుడు నాతోని గాదు బిడ్డా."

"అడుక్కునుడు గాదు పెద్దబాపు. దేవిడీల ఇయ్యలేదా నీకు? గిప్పుడు దొర పోయిండు, సర్కారొచ్చింది. గంతే."

"దొర నా సన్నాయి ఇన్నంక ఇచ్చిండు."

"వీళ్లు గూడ ఇంటరు. పిలిచి మరీ ఇంటరట."

ఆ ఒక్క మాటకు ఆయన మెత్తబడ్డాడు. వింటారంటే చాలు. దేవిడీ గది మూతబడ్డాక, దేవుడు తప్ప ఎవరూ కూర్చుని ఆయన్ను వినలేదు.

ఇక్కడ మా పాతబస్తీ మర్యాద ఒకటి చెప్పాలి. విద్య ఉన్నవాడు పెద్దల ముందు "నాకు వచ్చు" అనడు. ఉస్తాద్ మాట వస్తే రెండు చెవులూ పట్టుకుంటాడు. "నేనెంత, ఆయన కాళ్ల దుమ్మును" అంటాడు. వాయించమని అడిగితే మొదటిసారి వద్దంటాడు. ఎదుటివాడు మళ్లీ బతిమాలుతాడు. అప్పుడు సభకు సలాం చేసి మొదలుపెడతాడు. మొదటి మాటకే సన్నాయి తీసి నోట్లో పెట్టుకునేవాణ్ణి మా వైపు ఆకలిగొన్నవాడంటారు. ఇందులో దొంగతనం లేదు, బడాయి లేదు. అడిగేవాడు నిజంగా వినాలనుకుంటున్నాడా లేదా అని తెలుసుకునే పద్ధతి అది. రెండు అంతస్తుల హవేలీని నవాబు తన నోటితో గరీబ్‌ఖానా, అంటే పేదోడి కొంప, అన్నాడని ఎవరైనా ఆయనకు ముష్టి వేశారా? లాడ్ బజార్‌లో గాజులవాడు తన సరుకును "ఏదో గాజు ముక్కలు సాబ్" అంటాడు. ఆ మాట నమ్మి ఎవరైనా ఊరికే పట్టుకుపోయారా?

కమిటీ మూసీ అవతల ఒక ఆఫీసులో కూర్చుంది. పెద్దబాపు ఉతికిన ధోవతి, పెళ్లినాటి షేర్వానీ వేసుకున్నాడు. సన్నాయిని పట్టుగుడ్డలో చుట్టుకున్నాడు. దాని మూతికి బిగించే రెల్లు ముక్కను మేము పత్తీ అంటాం. అది తడిగా ఉంటేనే పలుకుతుంది. వంతెన దాటేటప్పటి నుంచే ఆయన దాన్ని పెదవుల మధ్య నానబెడుతూ వచ్చాడు, అందుకే దారంతా మాట్లాడలేదు. పక్కన ఒకే స్వరం పట్టి నిలబడటానికి రెండో సన్నాయి కావాలి. ఆ పనికి నేను వెళ్లాను. అట్లా ఆ గదిలో జరిగిందంతా నా కళ్లతో చూశాను.

బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, ఒక పక్క కళ్లద్దాల పండితుడు, ఇంకో పక్క రాసుకునే గుమస్తా. మేము చెప్పులు బయట వదిలి లోపలికి పోయాం. పెద్దబాపు పత్తీ తీసి జేబులో పెట్టుకుని, వంగి సలాం చేశాడు.

"సన్నాయి బాగా వచ్చా మీకు?" అని అడిగాడు అధ్యక్షుడు.

పెద్దబాపు చెవులు పట్టుకున్నాడు. "తోబా తోబా! నాకేమొస్తది హుజూర్. వచ్చింది మా ఉస్తాద్‌కు. నేను ఆయన కాళ్ల దుమ్మును."

గుమస్తా కలం కదిలింది.

పండితుడు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఎన్ని రాగాలు తెలుసు?"

"ఒక్కటి గూడ పూర్తిగ తెల్వదు సాబ్. ఒక జన్మల ఒక్కటి చేతికొస్తే మస్తు."

మళ్లీ కలం కదిలింది.

"ఎక్కడైనా బహుమతులు, బిరుదులు?"

"మీ అసుంటోళ్ల ముంగట నిలవడుడే నాకు బహుమతి."

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "సరే. కాస్త వాయిస్తారా?"

పెద్దబాపు ముఖం వెలిగిపోయింది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ఆయన వచ్చిందే ఆ మాట కోసం. సన్నాయి మూటను రెండు చేతులా గుండెకు ఆనించుకుని, తల వంచి, "నేనెంతటోన్ని హుజూర్, మీ అంత పెద్దోళ్ల ముంగట..." అని ఆగాడు. చూపుడు వేలు పట్టుగుడ్డ ముడి మీద ఉంది. ఎదుటి నుంచి రెండో మాట రావడమే తరువాయి.

"సరే అయితే, అక్కర్లేదు," అన్నాడు అధ్యక్షుడు. "తర్వాతి వారిని పిలవండి."

నేను ఆగలేకపోయాను. "సార్, ఇంకొక్కసారి అడుగుండ్రి. వాయిస్తడు."

"నువ్వెవరు?"

"తమ్ముని కొడుకును సార్."

"దరఖాస్తు నీదా?"

"కాదు సార్. గట్ల గాదు, మా దిక్కు రెండోసారి అడగాలె. అప్పుడే..."

పండితుడు నవ్వాడు. "బతిమాలించుకోవడానికి ఇది పెళ్లివారి విడిది కాదయ్యా."

పెద్దబాపు నా మోచెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు. వరండాలో తిట్టాడు కూడా, పెద్దల మధ్య నోరు జార్చానని. మా తర్వాత లోపలికి పోయినవాడు శాలువా కప్పుకుని, చంకలో పత్రాల దొంతర పెట్టుకుని, గడప దాటకముందే తన బిరుదులన్నీ చెప్పుకోవడం మాకు బయటికి వినిపించింది. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. వాళ్ల ఊరి మర్యాద అది కాబోలు. కానీ మా ఊళ్లో కూర్చుని మా ఊరివాణ్ణి తూచేటప్పుడు మా ఊరి రాయి ఒకటైనా త్రాసులో ఉండాలా వద్దా?

వంతెన మీద నేను మూతి ముడుచుకుని నడుస్తుంటే పెద్దబాపు భుజం తట్టాడు. "ఎందుకురా గంత ఫికర్? మంచోళ్లే వాళ్లు. ఇయ్యాల జనం ఎక్కువున్నరు. మల్ల పిలుస్తరు."

"ఎవరు పిలుస్తరు పెద్దబాపు?"

"ఒకసారి అడిగినోడు రెండోసారి అడగకుండ ఉంటడా, పిచ్చోడా?"

ఆయన నిజంగానే ఎదురుచూశాడు. కొత్త పత్తీలు చెక్కుకున్నాడు. వీధిలో సైకిల్ గంట మోగితే టపా జవానేమోనని గడపలోకి వచ్చేవాడు. పెద్దమ్మ షేర్వానీని మళ్లీ ఉతికి, మడిచి, పైనే పెట్టింది.

టపా జవాను తెచ్చింది మొదట చెప్పిన ఆ కాగితం. "దరఖాస్తుదారు తనకు సన్నాయి రాదని స్వయంగా చెప్పినందునను, వాయించుటకు నిరాకరించినందునను" సహాయం ఇవ్వలేమని ఉంది. నేనే చదివి వినిపించాను.

పెద్దబాపు, "అన్న మాటైతే అన్ననే గదరా," అన్నాడు.

"అంటే? గట్లనే రాస్తరా?"

"వాళ్లకు తెల్వదు బిడ్డా."

తెలియకపోతే అడగాలి! జీతం తీసుకుని, బల్ల వేసుకుని, కళను కాపాడతామని పత్రికలో వేయించుకుని, మనిషి మాట ఎట్లా వినాలో తెలియదంటే ఎట్లా? ఆ మధ్యాహ్నమే దుకాణంలో కూర్చుని ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. మా మర్యాద ఏమిటో రాశాను. జవాబు రావడానికి చాన్నాళ్లు పట్టింది. అది కూడా ఒక ముక్క. దరఖాస్తుదారు "తాను సన్నాయి వాద్యమందు నిపుణుడనని" సంతకంతో రాసిస్తే మళ్లీ పరిశీలిస్తారట.

ఆ ముక్కను నేనే రాసి, పెద్దబాపు ముందు పెట్టాను. ఆయనకు సంతకం మాత్రం వచ్చు. కలం తీసుకున్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను. కలం కింద పెట్టాడు.

"మా ఉస్తాద్ అరవై ఏండ్లు వాయించి గా మాట అనలే. నేనెట్లంట?"

"కాగితం మీదనే గద పెద్దబాపు! ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద."

పెద్దమ్మ వంటింట్లోంచి, "పెట్టరాదయ్యా సంతకం, పొయ్యి గూడ మర్యాదతోనే మండుతదా?" అని అరిచింది. ఆయన లేచి వీధిలోకి పోయాడు. మూడో రోజు చార్మినార్ దాకా పోయి ఎర్ర కోటుతో తిరిగొచ్చాడు. బ్యాండు యజమాని ఇచ్చిందే, ముంజేతుల దగ్గర పొడుగైంది. పెద్దమ్మ ఏమీ అనకుండా సూది దారం తెచ్చుకుని లోపలికి మడిచి కుట్టింది.

ఆ పెళ్లిళ్ల రుతువులో చార్మినార్ దగ్గర ఒక బరాత్‌లో ఆయన్ను చూశాను. గ్యాసు దీపాల వరసల మధ్య, తురాయి టోపీ నుదుటి మీదికి జారుతుంటే, క్లారినెట్‌లో సినిమా పాట ఊదుతున్నాడు. గుర్రం మీది పెళ్లికొడుకు స్నేహితులు ముందు గెంతుతున్నారు. ఒకడు ఆయన నోటి ముందు రూపాయి నోటు తిప్పి తిప్పి డప్పువాడి మీదికి విసిరాడు. నన్ను చూసి ఆయన కళ్లతోనే పొమ్మన్నాడు. పోయాను.

అయినా గుడి మానలేదు. రాత్రి బరాత్‌లో ఎంత నిలబడ్డా, తెల్లవారుజామున సన్నాయి గల్లీలోకి వచ్చేది. నేను దుకాణం ఊడుస్తూ వినేవాణ్ణి. ఇదే రాశాను మళ్లీ. ఒక్క ఉదయం మా గుడికి రండి, ఆయన్ను ఏమీ అడగొద్దు, గోడ పక్కన నిలబడి వినండి, విన్నాక రాదంటే నేను ఇంకెన్నడూ రాయను అన్నాను. అదే మాట మళ్లీ మళ్లీ రాశాను. ఆఫీసుకు పోయి గుమస్తా చేతికిచ్చాను. "నీకేం పనిలేదా బాబూ?" అన్నాడు. ఇదే పని అన్నాను. చివరికి విచారణకని ఆ ఆఫీసు జవాను ఒకడు మా గల్లీకి వచ్చాడు. వచ్చింది నడి మధ్యాహ్నం. గుడి తలుపులు వేసి ఉన్నాయి. ఇంట్లో దండెం మీద ఆరేసిన కోటు చూసుకుని పోయాడు.

తర్వాత నాకు వచ్చిన జవాబు ఇది. అక్షరం మార్చలేదు:

"మీ విన్నపములు పరిశీలించబడినవి. కళాకారుల స్థలమునకు వెళ్లి వినుటకు నిబంధనలు అనుమతించవు. సదరు వ్యక్తి ప్రస్తుతము పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించుచు జీవించుచున్నట్లు విచారణలో తేలినది. కావున ఆయనను సన్నాయి కళాకారునిగా పరిగణించుటకు వీలులేదు. ఇకమీదట ఈ విషయమై వ్రాయవలదు."