మా ఇంటా వంటా లేని కళ్ళజోడు

నాకు చిన్నప్పుడే కళ్ళజోడు వచ్చింది. మా నాన్నకూ ఉండేది. రైల్వే ఆఫీసులో ఫైళ్ళ మధ్య బతికిన మనిషి, స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప తీసేవాడు కాదు. మా పుట్టింట్లో కళ్ళజోడంటే చెప్పుల్లాంటిది. ఎవరిది వాళ్ళకుండేది, దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. పెళ్ళయి, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో డ్రైవర్ల ఇంట అడుగుపెట్టాకే అదొక లోపమని నాకు తెలిసింది.

మావయ్యగారు రైలింజను డ్రైవరుగా రిటైరయ్యారు. వాళ్ళ నాన్నదీ అదే పని. ఖరగ్‌పూర్‌లో ఇలాంటి ఇళ్ళలో కళ్ళంటే ఉద్యోగం. అద్దాలు లేకుండా చూపు పరీక్ష నెగ్గితేనే డ్రైవరు పనిలోకి తీసుకుంటారు. అందుకని పిల్లలకు కళ్ళజోడు పెట్టించరు. పెడితే కళ్ళు బద్ధకిస్తాయట, పెట్టకపోతే వాటంతటవే దారికొస్తాయట. మా ఆయన ఆ పరీక్షలో పోయి వర్క్‌షాపులో చేరారు. ఎందుకు పోయిందని అడిగితే, "ఆ రోజు ఆడికి జొరం" అంటారు అత్తయ్య. కొత్తకోడల్ని కదా, నమ్మినట్టే మొహం పెట్టాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఆడపిల్లలు కూడా ఇంజన్లు నడుపుతున్న రోజులు కాబట్టి మావయ్య ఆశంతా దాని మీదే. సాయంత్రాలు దాన్ని స్టేషను దగ్గరి వంతెన మీదికి తీసుకెళ్ళేవారు. సిగ్నల్ కనబడగానే అదేమిటో డ్రైవరూ అసిస్టెంటూ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి, అది ఇంజనులో నియమం. తాతామనవరాళ్ళ ఆట కూడా అదే. ఆయన "సిగ్నల్!" అనేవారు. ఇది చెయ్యి చాపి "ఎర్ర!" అనో "పచ్చ!" అనో కేక పెట్టేది. "ఈ గుంటవి డైవరు కల్లే" అని ఆయన ఇంటికొచ్చి అందరికీ చెప్పేవారు.

ఆ డ్రైవరు కళ్ళ పిల్ల బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటోందని బళ్ళోంచి కబురొచ్చింది. మొద్దు అన్నారట కూడా. నేను కళ్ళు చూపిద్దామంటే ఇంట్లో నవ్వారు.

"అంత దూరం సిగ్నల్ సూసే పిల్లకి బోర్డు కనబడదేటి? సదవడం ఇష్టం నేదు, అంతే" అన్నారు అత్తయ్య.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు వాళ్ళతో పాటు నేనూ వంతెనెక్కాను. కాసేపు ఎర్ర, పచ్చ బాగానే సాగాయి. తర్వాత దూరంగా ఒకదాని మీద ఒకటి రెండు పసుపు దీపాలు వెలిగాయి. ఒకటే వెలిగితే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి, రెండు వెలిగితే వేగం కాస్త తగ్గిస్తే చాలు.

"ఎల్లో!" అంది పిల్ల.

"డబల్ ఎల్లో" అన్నారు మావయ్య.

నేను కళ్ళజోడు తీసి చూశాను. నాకూ ఒకటే పసుపు ముద్ద కనబడింది. రంగు మసకలోనూ తెలుస్తుంది, దీపాలు విడివిడిగా కనబడాలంటేనే చూపు కావాలి. ఇన్నాళ్ళూ పిల్ల రంగు చెబుతుంటే ఇంటిల్లిపాదీ చూపనుకున్నారు.

"ఒకటనుకుంటే బండి ముందే నెమ్మదిస్తాది. పెమాదం నేదులే" అన్నారు మావయ్య.

"బండికి నేదు మావయ్యా. పిల్లకి ఉన్నాది" అన్నాను.

ఇంటికి రాగానే అత్తయ్య అందుకున్నారు. "నీ కల్లే వొచ్చినాయి దానికి. మా ఇంటా వంటా నేదు ఈ అద్దాల గోల. ఇప్పుడు పెట్టించినావంటే డైవరు పని మీద ఆశ ఒగ్గేసుకోడమే."

ఆ చివరి ముక్క నిజం. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. కానీ అద్దాలు పెట్టించకపోతే మాత్రం ఆ కళ్ళు పరీక్ష నెగ్గుతాయా? ముసలాయన ఆశ కోసం నా కూతుర్ని మొద్దు అనిపించుకుంటూ కూర్చోమనడం నావల్ల కాదు.

గోల్‌బజార్‌లో కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అత్తయ్య కూడా వెంటబడి వచ్చారు. తల్లికుంది కాబట్టే పిల్లకొచ్చిందని డాక్టరు నోట అనిపించాలని ఆవిడ పట్టుదల. "మాయేర్ చష్మా, తాయ్ బచ్చా కో భీ చష్మా. ఠీక్ హై నా దీదీ?" అని బెంగాలీ, హిందీ కలిపి దబాయించారు. డాక్టరమ్మ తాపీగా చెప్పింది. కన్నవాళ్ళకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువేనట. ఎండలో ఆడకపోవడం, పుస్తకమో ఫోనో ముక్కుకి ఆనించుకోవడం కూడా కారణాలేనట. ఈ పిల్లకు ఏది ఎంతని తేల్చి చెప్పలేమంది. అద్దాల వల్ల మాత్రం చూపు పాడవదంది.

"వాళ్ళ నాన్నకి?" అని అడిగింది.

"నేదు" అన్నారు అత్తయ్య ఛాతీ విరుచుకుని.

"ఎప్పుడైనా పరీక్ష చేయించారా?"

అత్తయ్య కొంగు సర్దుకున్నారు. జొరం సంగతి అక్కడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలని మాత్రం నోరు తెగ దురద పెట్టింది.

బయటికొచ్చాక చేపల బజారు రద్దీలోనే ఆగి అన్నాను. "నావే అనుకోండి అత్తయ్యా. దానికి నా జుట్టొచ్చినాదని మురిసిపోయినారు కదా, కల్లు కూడా నావే అనుకోండి. ఈ కల్లతోనే సదువుకున్నాను, మీ ఇల్లు దిద్దుకున్నాను. నానెక్కడా సిగ్గుపడనేదు. నా కూతురూ పడదు."

కళ్ళజోడు వచ్చిన రోజు మావయ్య వంతెన వైపు వెళ్ళలేదు, వరండాలోనే కూర్చున్నారు. పిల్ల వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"తాతా, నాను డైవర్ని అవనా?"

"అద్దాలున్నోల్లని తీసుకోరమ్మా" అన్నారాయన. నేను ఏదో ఒక అబద్ధం చెప్పి దాన్ని ఊరుకోబెడదామని ముందుకొచ్చాను.

అది నాకోసం ఆగలేదు. "తీసుకోకపోతే మానీమను. నాకు బోర్డు కనబడతంది. ఇంకెవలైనా నన్ను మొద్దు అంటే ఊరుకోను" అంది.

వంటింట్లోంచి అత్తయ్య కేక వచ్చింది.

"కల్ల సంగతేటో ఆ దేవుడికెరిక గానీ, ఈ నోరు మాత్రం నీదేనే!"

"అవునత్తయ్యా, నాదే" అన్నాను.