కాలరమ్మకు ఒక అన్నయ్య

కాలరు కనిపిస్తే చాలు, ఆమె కుడి బొటనవేలి గోరు దాని మొన మీదికి వెళ్ళిపోతుంది. లోపలినుంచి ఒక్క నెట్టు, పైనుంచి రెండు తట్లు. మొన సూదిలా నిలబడాలి. భర్త చొక్కా అయినా సరే, బస్సులో ముందు సీట్లో కూర్చున్న పరాయివాడి మెడ అయినా సరే, గోరు లేస్తుంది. పరాయివాడైతే ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా కాలర్లు తప్ప మరొకటి కుట్టలేదు కాబట్టి తోటివాళ్ళు కాలరమ్మ అన్నారు. చొక్కాలో మిగతా భాగం ఆమె ఇతరుల ఒంటి మీద చూడటమే.

ఆమె పనిచేసేది ఒక ఇంటి నేలమాళిగలో. పన్నెండు మిషన్లు, ఒక కిటికీ. కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ పాదాలు కనిపిస్తాయి. యజమానిని అందరూ అన్నయ్య అంటారు. అలా పిలవమన్నది ఆయనే. పరాయి దేశంలో మనకి మనమే దిక్కంటాడు. ఆ దిక్కున పొద్దు పొడవడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. జ్వరమొస్తే ఓర్చుకో అక్కా అంటాడు. సెలవడిగితే నువ్వు కూడానా వదినా అంటాడు. వరసలు కలపడంలో పెళ్ళిళ్ళ పేరయ్య ఆయన ముందు దిగదుడుపే. కూలి పెంచమన్న రోజున మాత్రం ఏ వరసా గుర్తు రాదు.

కాలరమ్మకు కావలసింది ఒక్క ఉత్తరం. ఈ మనిషి నా దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసింది అని రాసి ఆయన సంతకం పెడితే, ఆమే, భర్తా, కూతురూ ఆ దేశంలో ఉండిపోవడానికి కాగితం దొరుకుతుంది. గడువు ఈ నెలాఖరు. మూడేళ్ళుగా ఆమె అడుగుతోంది. మూడేళ్ళుగా ఆయన రేపంటున్నాడు.

ఒకరోజు పొద్దున్నే అన్నయ్య చేతులు నలుపుకుంటూ దిగివచ్చాడు. తనిఖీకి మనిషి వస్తోందట. పదకొండు మందిని వెనక గుమ్మం గుండా పంపేసి, పదకొండు మిషన్ల మీద దుప్పట్లు కప్పాడు. కాలరమ్మ నోరులేనిదని ఆమెను ఉంచాడు. వచ్చిన మనిషి అడిగితే ఇది ఆయన ఇల్లట, ఆమె తోడబుట్టిన చెల్లెలట, కాలక్షేపానికి కుట్టుకుంటోందట. ఆమె ఉత్తరం మాట ఎత్తింది.

"ఈ గండం గట్టెక్కనీ చెల్లెమ్మా. రేపే రాసిస్తా."

చెల్లెలినని ఒప్పుకున్నాక కూలిమనిషినని ఉత్తరం ఎలా వస్తుందో ఆమెకు అంతుపట్టలేదు. భర్తకు ఫోన్ చేస్తే, ఊ అనెయ్, పోయేదేముంది అన్నాడు. ఆయన ఇంకో నేలమాళిగలో ఇస్త్రీ చేస్తాడు. చుట్టాలతో మాత్రం భార్య ఫ్యాషన్ కంపెనీలో ఉందని, తాను మేనేజరునని చెబుతాడు. ఆవిరి మీద బతికేవాడికి అబద్ధం బరువనిపించదు.

తనిఖీకి వచ్చినావిడ నడివయసు మనిషి. టీ వద్దంది. ఆవిడ ఆ దేశపు భాషలో అడుగుతుంటే అన్నయ్య మన భాషలోకి మార్చి చెబుతున్నాడు. ఆ భాష కాలరమ్మకు ఎప్పుడో వంటబట్టిందని ఆయన కనుక్కోలేదు. మిషనుకి చెవులుంటాయని ఎవరనుకుంటారు?

ఒకటి కుట్టి చూపించమంది ఆవిడ.

ఇంట్లో సరదాకి కుట్టుకునేవాళ్ళు ఒక ముక్క కుట్టి, ఆపి, దారం తెంపుతారు. రోజంతా కుట్టేవాళ్ళకు ఆ తీరిక ఉండదు. ఒకటి పూర్తవుతుండగానే రెండోదాన్ని సూది కిందికి తోస్తారు. మధ్యలో దారం తెంపరు, చివర్లో అన్నీ ఒకేసారి కత్తిరిస్తారు. కాలరమ్మ మెల్లగానే మొదలుపెట్టింది. మొదటి కాలరు అయిపోయింది. కాలు ఆగలేదు. ఎడమ చెయ్యి దానంతటదే కట్ట మీదికి వెళ్ళి రెండోది అందించింది, తర్వాత మూడోది. అన్నయ్య దగ్గాడు. ఆ దగ్గు తెమిలేసరికి ఏడు కాలర్లు గొలుసుగా మిషను వెనక్కి జారాయి.

ఆవిడ గొలుసును ఎత్తి పట్టుకుంది.

"మీ అన్నయ్యకి ఎన్ని మెడలు?"

"బాగా కుట్టావంటోంది," అన్నాడు అన్నయ్య.

కాలరమ్మ ఆయన మెడ వంక చూసింది. ఒక్కటే ఉంది. చెమట పట్టి ఉంది. దాని చుట్టూ ఉన్నది తను కుట్టిన కాలరే, మొన వంగిపోయి ఉంది. గోరు లేవలేదు.

"రోజుకి నాలుగు వందలు కుడతాను," అంది ఆవిడ భాషలోనే. "తొమ్మిదేళ్ళ నుంచి. ఈయన నాకేమీ కాడు."

ఆవిడ చాలాసేపు రాసుకుంది. వెళ్తూ గొలుసును ఆమె చేతికిచ్చి, పారెయ్యొద్దంది.

"సొంత చెల్లెల్లా చూసుకున్నానే నిన్ను," అన్నాడు అన్నయ్య.

"అందుకేగా ఉత్తరం ఇవ్వలేదు."

సాయంత్రానికల్లా నేలమాళిగకు తాళం పడింది. పదకొండు మందీ ఆమె గది ముందు నిలబడి, నోటి దగ్గర కూడు లాగేశావని తిట్టిపోశారు. ఆమె తలుపు తీసి, అన్నీ విని, మళ్ళీ వేసుకుంది. ఇప్పుడు ఉత్తరం ఎవడిస్తాడని భర్త గోడతో అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె కాగితాలిచ్చే ఆఫీసుకు వెళ్ళి వరసలో నిలబడింది. పనిచేసినట్టు రుజువేదని గుమాస్తా అడిగాడు. తెంపని గొలుసును సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది. అతను అర్థంకాక చూస్తుంటే, మొదటి కాలరును తిరగేసి, లోపలినుంచి మొనను ఒక్క నెట్టు నెట్టి, పైనుంచి రెండుసార్లు తట్టింది.