ఖాళీ డబ్బా చూపిన చుక్క

దెయ్యాలంటే భయం లేదని చెప్పుకునేవాళ్లలో సగం మంది కరెంటు పోతే పెరట్లోకి కూడా వెళ్లరు. నేను ఆ రకం కాదు. భయం సంగతి తర్వాత, నాకు అసలు నమ్మకమే లేదు. ఏదైనా వింతగా జరిగిందంటే ముందు వైరు ఎక్కడ వదులైందో చూస్తాను.

అరసవల్లి గుడికి వెళ్లే దారిలో నాకో చిన్న షాపు ఉంది. ఫోన్లు బాగుచేస్తాను, సీసీ కెమెరాలు బిగిస్తాను. ఒకసారి ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. వాళ్ల కెమెరాలో తెల్లటి ఆకారం తిరుగుతోందట, శాంతి చేయించాలా అని అడిగాడు. వెళ్లి చూస్తే లెన్సు మీద సాలీడు. చీపురుతో దులిపి వచ్చాను.

ఈ డిజిటల్ బతుకు మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. స్క్రూడ్రైవర్‌తో విప్పలేని వస్తువు మనం కొన్నా మనది కాదు. ఫ్యాను వేసుకోవడానికి కూడా ఓటీపీ అడిగే రోజు వస్తే తప్పు మనదే. ఎవరు పొద్దున్న ఏం టిఫిన్ తిన్నారో ఊరందరికీ తెలుస్తోంది గానీ, సముద్రం మీదికి వెళ్లిన మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకి తెలియదు. షాపుకి వచ్చిన ప్రతివాళ్లకీ ఇది చెబుతాను. వాళ్లు స్క్రీన్‌గార్డు వేయించుకుని వెళ్లిపోతారు.

సముద్రం మాట ఎందుకంటే, మా అక్క మొగుడిది చేపల వేట. కళింగపట్నం దగ్గర ఊరు. చిన్న ఫైబరు పడవ, దానికో ఇంజను. ఒడ్డు దాటి కాస్త లోపలికి వెళితే ఫోనుకి సిగ్నల్ ఉండదు. బావ తిరిగొచ్చేదాకా అక్క గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

అది చూడలేక నేనో పరికరం తయారుచేశాను. జీపీఎస్ చిప్పు, చిన్న రేడియో, బ్యాటరీ, అంతే. సెల్ టవర్‌తో పని లేదు. తానున్న చోటుని అది రేడియోలో పంపుతుంది. అక్క ఇంటి మేడ మీద నేను కట్టిన యాంటెన్నా దాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి ఇంటర్నెట్‌లో వచ్చి నా ఫోన్లో మ్యాపు మీద ఎర్ర చుక్కగా కనిపిస్తుంది. తడవకుండా ఉండాలని అన్నీ ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బిగించాను.

"ఏటిరా ఇది, నాకు క్యారేజీ కట్టినావా?" అని బావ ఎగతాళి చేశాడు. కానీ దాన్ని పడవ ముందు వైపు తనే తాడుతో కట్టుకున్నాడు, ఎండ తగలకుండా పైన గోనె కప్పాడు. ఇక అక్క ఫోన్లు మొదలు. "సుక్క ఎక్కడున్నాదిరా?" అని అడిగేది. చెబితే గుమ్మం వదిలి వంటింట్లోకి వెళ్లేది. నేను చేసిన వస్తువుల్లో అంతగా పనికొచ్చింది మరొకటి లేదు.

తర్వాత గంగమ్మ పండగ వచ్చింది. ఆ రోజు పడవకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఇంజనుకీ బొట్టు పెడతారు. డబ్బాకి కూడా పైన బొట్టు పెట్టి ఊరుకోవచ్చు కదా, మా అక్క మూత తీసింది. లోపల చిన్న లైటు మినుకుమినుకుమంటోంది. కాపాడేది లోపలుంటే పూజ బయట చేయడమేమిటనుకుని, చెంబులో పసుపునీళ్లు భక్తిగా లోపల పోసింది. లైటు ఆరిపోయింది.

గట్టిగా తిట్టాలనే వెళ్లాను. చెంబు పట్టుకుని బిక్కమొహం వేసుకున్న అక్కని చూస్తే నవ్వొచ్చింది. బోర్డూ బ్యాటరీ విప్పి రుమాల్లో చుట్టుకుని షాపుకి తెచ్చాను. ఖాళీ డబ్బా పడవలోనే ఉండిపోయింది. "మీ బావకి నాను సెప్తాన్లే," అంది అక్క. తిడతాడని భయపడి చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం పడమటి గాలి రేగింది. ఆ గాలి పడవల్ని సముద్రం లోపలికి నెట్టేస్తుంది. అన్ని పడవలూ ఒడ్డుకి వచ్చేశాయి, బావది తప్ప. జతగాడికి జ్వరం వస్తే ఆ రోజు ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడా, సుక్క సూడు."

డబ్బాలో ఏమీ లేదు కదక్కా, అంతా నా షాపులోనే ఉంది అన్నాను.

"తెల్సురా. అయినా సూడు."

ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి సముదాయించేవాణ్ణి. ఆ మాట కాదనలేక మ్యాపు తెరిచాను. నీళ్ల మీద ఎర్ర చుక్క ఉంది.

పాత చుక్క అనుకుని మ్యాపు మూసి మళ్లీ తెరిచాను. చుక్క కొంచెం తూర్పుకి జరిగింది. బోర్డు నా కళ్ల ముందే వెల్లకిలా పడి ఉంది, పసుపు పట్టిన చోట పచ్చటి చిలుము. బ్యాటరీ డ్రాయరులో ఉంది. తీసి చూశాను కూడా. అలాంటి పరికరం నేను చేసింది అదొక్కటే. చుక్క మళ్లీ జరిగింది.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. దెయ్యమని కాదు. ఈ చుక్కని నమ్మి చెబితే, అంత గాలిలో మనుషులు ప్రాణాలకు తెగించి అటు వెళతారు. ఇది తప్పయితే బావ ఇంకో వైపు కొట్టుకుపోతాడు. చెప్పకుండా ఊరుకుంటే, రేపు అక్క మొహం ఎలా చూడాలి?

ఉన్నదున్నట్టు చెప్పేశాను. చుక్క కనిపిస్తోంది, ఎలా కనిపిస్తోందో నాకు తెలియదు, నిజమని మాట ఇవ్వలేను అన్నాను. అక్క ఫోను బావ వాళ్ల అన్నయ్యకి ఇచ్చింది. ఆయన ఒక్కటే అడిగాడు, ఏ దిక్కు అని. చెప్పాను.

"గాలి అటే లాగుతన్నాది. పదండొరే, బేగి," అని అరవడం వినిపించింది.

నేను షాపు షట్టరు కూడా సరిగ్గా దించకుండా బండి తీశాను. వెళ్లేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. పక్కన కూర్చున్నాను. నేను ఫోను చూస్తున్నాను, అక్క నా మొహం చూస్తోంది. నా జీవితంలో అంత భయపడిన పూట ఇంకోటి లేదు.

పొద్దు వాలుతుంటే దూరంగా రెండు పడవలు కనిపించాయి, ఒకదాని వెనక ఒకటి, తాడుతో కట్టి. అప్పుడు ఫోను చూస్తే మ్యాపు మీద ఉత్త నీళ్లే ఉన్నాయి. చుక్క ఎప్పుడు పోయిందో గమనించలేదు.

ఇంజను చెడిపోయి కొట్టుకుపోయాడట బావ. ఉప్పునీళ్లకి పెదాలు పగిలిపోయాయి. అక్క భుజం పట్టుకుని దిగి, నన్ను చూసి ఒడ్డంతా వినపడేలా అన్నాడు. "సూసినావా బామ్మర్దీ, నీ క్యారేజీ డబ్బా పన్జేసినాది!"

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఖాళీదని ఆయనకి సెప్పకురా. మల్లీ వేటకెల్లాల కదా, బయపడతాడు," అంది. సరే అన్నాను.

ఆ తర్వాత నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. ఆ రోజు అందిన సిగ్నళ్లు నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. నాలాంటి పిచ్చి ఉన్న మిత్రులకి పంపాను. పాత సమాచారం మళ్లీ వచ్చి ఉంటుందన్నారు, ప్రోగ్రాంలో తప్పన్నారు. నేనైనా అదే అంటాను. కానీ బావ ఎటు కొట్టుకుపోతున్నాడో ప్రోగ్రాంలో తప్పుకి ఎలా తెలుస్తుంది? ఇంకొకటి. పడవ దూరం వెళ్లేకొద్దీ సిగ్నల్ బలం తగ్గాలి. ఆ రోజువి మాత్రం డబ్బా యాంటెన్నా పక్కనే ఉన్నంత బలంగా వచ్చాయి. యాంటెన్నా కింద ఉన్నది గుమ్మంలో కూర్చున్న మా అక్క ఒక్కతే. ఇందులో వదులైన వైరు ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

కొత్త బోర్డు తయారుచేసి తీసుకెళ్లాను. అక్క దూరంగా ఇసుకలో చేపలు ఆరబెడుతోంది. బావకి తెలియకుండా ఎలా బిగించాలా అని నేను తంటాలు పడుతుంటే, డబ్బా మూత తనే తీశాడు. లోపల పసుపు మరక తప్ప ఏమీ లేదు.

"ఇంజను ఆగిపోయినప్పుడే తీసి సూసినాన్రా," అన్నాడు. "పసుపు కనబడినాది. ఇది మీ అక్క పనే, దానికి తెలీకుండా నువ్వు లోపలియి విప్పీసినావనుకున్నాను. మూతెట్టీసి ఒళ్లో పెట్టుకుని కూకున్నాను. ఇక్కడున్నానొరే, సూడొరే అని నీకు సెప్తానే ఉన్నాను."

ఖాళీదని తెలిసి కూడానా అని అడిగాను.

"మరెవులికి సెప్పమంటావు?" అని నవ్వాడు. తర్వాత అక్క వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఖాళీదని దానికి సెప్పకు. బయపడతాది."

బోర్డు బిగించాను. పసుపు మరక తుడవబోయి, ఎందుకో చెయ్యి రాక అలాగే వదిలేసి మూత పెట్టాను. ఇద్దరూ ఇలాంటివి చదవరు గనక ధైర్యంగా రాస్తున్నాను. మీలో ఎవరైనా అటువైపు వెళితే మాత్రం, దయచేసి ఇద్దరిలో ఏ ఒక్కరికీ చెప్పకండి.