చివరి వాటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో తాతయ్య వినేలా మలయా అనే మాట ఎవరూ అనేవారు కాదు. ఇప్పుడు మలేషియా అంటున్న ఆ దేశంలో మా మేనత్త ఉండేది. పెళ్లయిన ఏడాదికే మామయ్యతో కలిసి అక్కడి రబ్బరు తోటలో పనికి వెళ్లింది. కొన్నేళ్లు పనిచేసుకుని వచ్చేస్తామని తాతయ్యకు మాట ఇచ్చే ఓడ ఎక్కారు. పిల్లలు అక్కడే పుట్టారు. తరవాత ఆ ప్రభుత్వం, పౌరులు కానివాళ్లు పనిచేయాలంటే అనుమతి తెచ్చుకోవాలంది. అది దొరకని చాలామంది మూటలు సర్దుకుని తిరిగివచ్చారు. అత్తా మామయ్యా మాత్రం ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నారు. ఆ కబురు తెలిసిన నాటి నుంచి తాతయ్య కూతురి పేరు ఎత్తలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అత్త వచ్చింది. పిల్లల్ని మామయ్యకు అప్పగించి ఒక్కతే మద్రాసులో ఓడ దిగి, రైల్లో బిట్రగుంట చేరి, అక్కడి నుంచి జట్కా మాట్లాడుకుంది. మా పల్లె బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంటుంది. నాయనమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది. తాతయ్య అరుగు మీద వలకు ముడులు వేసుకుంటున్నాడు. అత్త వంగి ఆయన కాళ్లకు దండం పెట్టినా వల కింద పెట్టలేదు.

ఉన్నన్నాళ్లూ అదే వరస. అత్త వడ్డిస్తే తినేవాడు. ఇంకేమైనా కావాలంటే మాత్రం, ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నా, "పాపా, మజ్జిగ పొయ్యమను" అని నాతో చెప్పేవాడు. నేను ఆ మాట అత్తకు అప్పజెప్పేదాన్ని. మొదట నాకు ఆటలా ఉండేది. రెండో రోజుకే ఆ ఆట విసుగనిపించింది.

ఒక మధ్యాహ్నం అత్త తన నీలం రంగు కార్డు చూపించింది. ఫొటో కింద నాకు రాని భాషలో ఏవో అక్షరాలు. ఇది ఉంటే అక్కడి మనిషినని లెక్క అంది.

"అయితే నువ్వు మనూరి దానివి కాదా అత్తా?" అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "నా బిడ్డలు ఆడ బడికి పోతా ఉండారు. ఆ నేల మాకు కూడు పెడతా ఉండాది. అది నా దేశం కాదని ఎట్టా చెప్పేది? ఇది నా ఊరు కాదని మాత్రం ఎవరితో చెప్పినాను?" అంది. కార్డును చీర కొంగుతో తుడిచి జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకుంది. అది తీసుకున్నందుకు ఆమె సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు.

తిరుగు ఓడ రోజు దగ్గరపడింది. తండ్రి ఒక్క మాటైనా మాట్లాడకుండానే అత్త వెళ్లిపోవాల్సి వస్తుందని ఇంట్లో అందరికీ తెలుస్తూనే ఉంది. నాయనమ్మ కల్పించుకోబోతే, "వద్దులేమ్మా, ఆయన్ని బతిమాలబాక" అంది అత్త.

మర్నాడు పొద్దున చీర ఎగదోపి, బుట్ట తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్లింది. ఆ వేళ అలివి వల లాగుతున్నారు. పడవలో వెళ్లి సముద్రంలో వలను అర్ధచంద్రంలా వదిలి వస్తే, దాని రెండు తాళ్లనూ ఒడ్డున జనం బారులు తీరి లాగుతారు. తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వాటా ఉంటుంది. నువ్వెవరని అడగరు. ఊరికి కొత్తవాళ్లు పట్టినా ఇస్తారు, వాళ్లు దూరం పోవాలి గనక ముందు వాళ్లకే ఇస్తారు. పంచే పెద్ద మా తాతయ్య.

అత్త బారు చివర తాడు పట్టింది. తాతయ్య చూసి, మళ్లీ వల వైపు తిరిగాడు.

వల ఒడ్డుకు చేరాక జనం చుట్టూ మూగారు. మా వీధి చివరింటాయన నోటి దురుసు మనిషి. "ఓ పెద్దన్నా, మలయా దొరసానికి ముందు పెట్టు. పరదేశం మనిషి గదా, మళ్లా ఓడ తప్పిపోతాది" అన్నాడు. కొందరు నవ్వారు. అత్త నవ్వలేదు. తండ్రి చేతుల వైపే చూస్తోంది.

ఎండుచేపల కోసం కొడవలూరు నుంచి వచ్చిన రైతులు ఇద్దరు ఆ రోజు సరదాకు తాడు పట్టారు. తాతయ్య మొదటి వాటా వాళ్లకిచ్చి, "ఎండ ముదరక ముందే పొండయ్యా" అన్నాడు. తరవాత ఊళ్లోవాళ్లను ఒక్కొక్కరినే పిలిచాడు. ఆఖరికి దొరసాని అన్న మనిషి కూడా తీసుకుపోయాడు. అత్త ఖాళీ బుట్టతో అలాగే నిలబడి ఉంది. అందరికంటే దూరం నుంచి వచ్చిన మనిషిని అందరి ముందూ ఇలా నిలబెడతాడా అని నాకు ఏడుపొచ్చింది. తాతయ్య మీద ఇసుక విసరాలనిపించింది.

ఇసుక మీద కాసిని చిన్న కవళ్ల చేపలు, తోక తెగిన కానాగంత ఒకటి మిగిలాయి. తాతయ్య చేతులు దులుపుకుని ఆమె వైపు చూశాడు.

"ఇంకా ఏం చూస్తా నిలబడినావు? ఎత్తుకో. మీ అమ్మ ఎసరు పెట్టుంటాది."

అత్త వంగి ఆ చేపలన్నీ బుట్టలోకి తీసుకుంది. తలెత్తడానికి కాసేపు పట్టింది.

ఇంటికి వస్తూ నేను తాతయ్యను తిడుతుంటే ఆపింది. "పిచ్చిదానా, ముందు ఇచ్చుంటే నేను చుట్టాన్ని అయిపోయేదాన్ని. పంచే ఇంటికి ఎప్పుడూ మిగిలిందే గదా. చిన్నప్పుడు రోజూ ఈ బుట్ట మోసింది నేనే" అంది.

ప్రయాణం రోజున తాతయ్య బిట్రగుంట దాకా వచ్చి ఆమె పెట్టెను తన చేతులతో రైలెక్కించాడు. పౌరసత్వం సంగతి ఎత్తలేదు. ఒప్పుకున్నానని అనలేదు, తప్పనీ అనలేదు. ఆమె కూడా అడగలేదు. ఇద్దరూ ఆ ఒక్క ప్రశ్నను అలాగే ఉంచి, మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకున్నారు. అలా ఉండగలగడం ఎంత కష్టమో పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు.

అత్త ఈ ఏడాది అక్కడే పోయింది. ఆమె కోరిక ప్రకారం కొడుకు అస్థికలు తెచ్చి మా సముద్రంలో కలిపాడు. అరవై దాటిన మనిషి. తెలుగు కూడబలుక్కుని మాట్లాడతాడు. ఆ రోజు భోజనాల దగ్గర నా కోడలు అందరికంటే ముందుగా ఆయనకు విస్తరి వేయబోయింది. నేను వద్దన్నాను. పడవవాళ్లకు పెట్టాం, వీధిలోవాళ్లకు పెట్టాం. ఆయన గోడ పక్కన నిలబడి తన చేతులు చూసుకుంటున్నాడు. ఆ ముఖం నాకు తెలుసు. ఆ వేళ ఒడ్డున నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

అందరూ లేచాక గిన్నెల్లో మిగిలింది రెండు విస్తళ్లలో సర్దాను. ఈ కథంతా ఆయనకు చెప్పాలి. కానీ ముందు చెప్పాల్సింది వేరే ఉంది.

"ఇంకా ఏం చూస్తా నిలబడినావు బావా? కూర్చో" అన్నాను.