కానుగ చెట్టు మీద నేను పెట్టిన అర్జీ

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, కదిర్కామంలో ఇల్లు తీసుకున్నాను. గుమ్మం ముందు పెద్ద కానుగ చెట్టు. వేసవంతా దాని నీడలోనే స్కూటరు పెట్టుకున్నాను. వానలు మొదలవగానే దానిమీద గుడ్డికొంగలు గూళ్లు కట్టాయి. ఆరేసిన బట్టల మీద రెట్టలు, మెట్ల నిండా చేపల కంపు. విసిగిపోయి, కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని, చెట్టు కొట్టేయమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి మామ్మగారిది తరతరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. రాలిన కానుగ పూలు ఊడ్చి, కుళ్లబెట్టి, కనకాంబరం కుండీలకు ఎరువుగా వేసేవారు. నాకూ రెండు కుండీలు పెట్టి ఇచ్చారు.

నెల తర్వాత, నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే రంపాలతో మనుషులు దిగారు. మొదటి కొమ్మతో పాటే ఒక గూడు కింద పడింది. రెండు పిల్లల్లో ఒకటి అక్కడికక్కడే చచ్చిపోయింది. మామ్మగారు పరుగున వచ్చి మానుకు వీపు ఆనించి నిలబడ్డారు.

"ఏందప్పా ఇది? పైన పిల్లలుండాయి. అవి యాడికి పోతాయి?"

మేస్త్రీ అరవంలో, ఈ వీధి నుంచే అర్జీ వచ్చిందంటూ కాగితం చూపించాడు. అది ఇంగ్లీషులో ఉంది. ఆమె దాన్ని నా చేతికిచ్చారు.

"ఎవురు రాసినారో చదువమ్మా."

నా సంతకం నా కళ్ల ముందే ఉంది. ఏదో ఒక పేరు చెప్పేస్తే సరిపోయేది.

"నేనే రాశాను, మామ్మగారూ."

ఆమె మళ్లీ మానుకు ఆనుకున్నారు. ఆపమని మేస్త్రీని బతిమాలాను. అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిమ్మన్నాడు. స్కూటరు సీటు మీదే రాసిచ్చాను. అతను పై అధికారికి ఫోన్ చేసి మాట్లాడుతున్నంతసేపూ, కొమ్మ మీది మనిషి రంపం దించకుండా కూర్చున్నాడు. కాకులు అప్పుడే మూగుతున్నాయి. చివరికి, తీగల పక్క కొమ్మలు మాత్రం కొట్టి ఆపేశారు. మిగిలిన పిల్లను మామ్మగారు చెంగులో ఎత్తి వాళ్లచేతే ఒక కొమ్మల పంగలో పెట్టించారు. తల్లి దాని దగ్గరికి వచ్చిందో లేదో నేను చూడలేదు. ఆఫీసుకు వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆమె నాతో మాటలు మానేశారు. రెండు వారాలకు తుపాను హెచ్చరిక వచ్చింది. రెండు రోజులు గాలి వీస్తూనే ఉంది. ఒక పక్క కొమ్మలు పోయిన చెట్టు విరిగి ఎవరింటి మీదైనా పడితే ఆ పాపం నాదేనని, గూళ్లలోని పిల్లలు రాలిపోయినా నాదేనని కిటికీ దగ్గరే కూర్చున్నాను.

మూడో రోజు గాలి తగ్గింది. మామ్మగారు మేడ మీద నిలబడి చెట్టు కేసి చూస్తున్నారు. నేనూ మా మేడ ఎక్కాను.

"నాలుగు గూళ్లు నిలిచుండాయి," అన్నారు, నా వైపు తిరక్కుండానే.

పంగలో పెట్టిన పిల్ల సంగతి అడగాలనుకున్నాను. ధైర్యం చాలలేదు.