నికోలస్ అంకుల్ కోసం ఒక చీటీ

మా చిన్నప్పుడు, మేం దేశం దాటి వచ్చి స్థిరపడిన క్రెయిగీబర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం అంటే అద్దెకు తీసుకున్న స్కూల్ హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, తెలుగు ఆరాధన... చివర్లో ప్రార్థన చీటీల డబ్బా. జబ్బు చేసినవాళ్ల పేర్లు, వీసా రానివాళ్ల పేర్లు రాసి అందులో వేస్తే, సంఘ పెద్ద ఏసుపాదం అంకుల్ ఒక్కొక్కటీ పైకి చదివేవారు. అందరం కళ్లు మూసుకునేవాళ్లం.

నేనప్పుడు గ్రేడ్ సిక్స్. ఒక ఆదివారం నేనూ ఒక చీటీ వేశాను... ఆ తర్వాత వారం రోజులు నాకు అన్నం సహించలేదు.

కారణం ఒక పుస్తకం. తెలుగు మర్చిపోకూడదని ఒంగోలు తాతయ్య సూట్‌కేసులో పెట్టి పంపిన, పిన్ను కొట్టిన సన్న పుస్తకాల్లో ఒకటి. నికోలస్ కోపర్నికస్ జీవితం. కూడబలుక్కుంటూ రోజుకో పేజీ చదివేదాన్ని.

ఆయనా పోలండ్‌లో ఒక చర్చిలో పనిచేసినవాడే. గోపురం మీద నుంచి ఆకాశం చూసేవాడు. సూర్యుడు మన చుట్టూ తిరగడం లేదు, మనమే సూర్యుడి చుట్టూ తిరుగుతున్నామని తేల్చాడు. తేల్చి... జనం నవ్వుతారేమోనని ఏళ్ల తరబడి అచ్చుకివ్వకుండా దాచాడు. అది చదివి నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది. నిజం తెలిసిన మనిషి నోరు మూసుకు కూర్చోవడమేంటి?

అంతలో, ఇంకో రెండు పేజీలున్నాయనగా, ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. ఎట్టకేలకు అచ్చుకిచ్చిన ఆయన పుస్తకమేమో ఎక్కడో జర్మనీలో అచ్చవుతోంది.

నేను పేజీ తిప్పలేదు. ఆయన ఏనాటి మనిషో నాకు తెలియక కాదు... కానీ నేను ఆగిన చోట ఆయన ఇంకా బతికే ఉన్నాడు. తిప్పితే పోతాడు. నా చేత్తో నేనే...

అమ్మ అప్పుడు ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్లను చూసుకునే నర్సు. పక్షవాతం వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారని అడిగాను. గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే, "కొందరు ఎవరో వస్తారని ఆగుతారే. వాళ్లొచ్చాకే వెళ్తారు" అంది.

ఆ మాట పట్టుకుని చీటీ రాశాను. నికోలస్ అంకుల్‌కి పక్షవాతం, పుస్తకం చేతికి వచ్చేదాకా ఉండాలి అని. పెద్దవాళ్లందరూ మాకు అంకుల్సే కదా... ఉత్త పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

ఏసుపాదం అంకుల్ గంభీరంగా చదివారు. హాలంతా నికోలస్ అంకుల్ కోసం ప్రార్థించింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అమ్మ రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తోంది. అంకుల్ అని రాసింది పిల్లలేనని తెలుస్తూనే ఉంది, అక్కడి పిల్లల్లో తెలుగు రాయగలిగేది నేనొక్కదాన్నే.

బయటికి రాగానే మా సంఘంలోని మార్తా ఆంటీ పట్టుకుంది.

"ఏ హాస్పిటల్ తల్లీ? ట్యూస్‌డే నాకు ఆఫే. చికెన్ సూప్ చేసి పట్టుకెళ్తా."

"ఇక్కడ కాదాంటీ... పోలండ్."

"అయ్యో. మీ ఫ్రెండ్ వాళ్ల గ్రాండ్‌పానా?"

తల ఊపాను. కారులో అమ్మ అడిగినా అదే చెప్పాను.

అసలు భయం అప్పుడు మొదలైంది. మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి కోసం ప్రార్థించారో వాళ్ల సంగతి చీటీ వేసినవాళ్లే మరుసటి వారం మైకు ముందు సాక్ష్యంగా చెప్పాలి. మేం ఆ సంఘంలో చేరి ఆరు నెలలైంది. ఈ దేశంలో అమ్మను పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి అన్నం పెట్టిన మొదటి మనుషులు వాళ్లే. నా అబద్ధం బయటపడితే వాళ్ల ముందు తల దించుకోవాల్సింది అమ్మ.

బుధవారం కడుపునొప్పి అన్నాను. అమ్మ నుదురు తడిమి స్కూలుకు పంపింది. శుక్రవారం మార్తా ఆంటీ ఫోన్ చేసి ఆయనకు ఎలా ఉందని అడిగింది... నేను బాత్రూంలో దాక్కున్నాను.

శనివారం పెరట్లో, ఆరేసిన దుప్పటి వెనక కూర్చుని, పేజీ తిప్పాను.

అచ్చయిన పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టారట. ఆ రోజే పోయాడట.

ఆగాడు. పుస్తకం కోసం ఆగాడు...

ఆదివారం మైకు పట్టుకున్నాను. పుస్తకం వచ్చిందని, చేతిలో పెట్టారని, ఆ రోజే పోయారని చెప్పాను. మార్తా ఆంటీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ భయపడి దాచాడని వారమంతా ఆయన మీద మండిపడింది నేనే కదా...

"అంకుల్... ఆయన పోయి ఫైవ్ హండ్రెడ్ ఇయర్స్ కావస్తోంది. ఫ్రెండ్ వాళ్ల గ్రాండ్‌పా కాదు. అబద్ధం చెప్పాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ తల దించుకుంది.

ఏసుపాదం అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పుస్తకంలో ఏం రాశాడని అడిగారు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని రాశాడన్నాను.

"అబద్ధమాడినందుకు మీ అమ్మకి సారీ చెప్పు. పోయినవాళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం, అదీ గుర్తుపెట్టుకో." తర్వాత మైకు తన వైపు తిప్పుకున్నారు. "ఆయన పుస్తకం ఆయనకి అందింది కాబట్టి... స్తోత్రం చెబుదాం."

"స్తోత్రం" అంది హాలంతా.

కారులో నేను సారీ చెప్పినా అమ్మ రోడ్డునే చూస్తూ నడిపింది. కారు ఇంటి ముందు ఆపాక మాత్రం, "మొదటి పేజీ నుంచీ చదివి వినిపించు. మార్తక్క సూప్ ఎవరికి చేయబోయిందో నాకూ తెలియాలిగా" అంది.

ఇప్పుడు నేను యూనివర్సిటీలో ఉన్నాను. చీటీల డబ్బా పోయి వాట్సాప్ గ్రూపు వచ్చింది. ఎవరికి బాలేదన్నా రెండు సెకన్లలో జోడించిన చేతుల బొమ్మలు వరసకడతాయి. కోపం వస్తుంది... కానీ నేనూ అదే బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేస్తాను. "ఏ హాస్పిటల్ తల్లీ?" అని అడిగేవాళ్లే లేరు.

పేజీ తిప్పకుండా ఆపి, మీరూ ఎవరినైనా కొన్నాళ్లు బతికించుకున్నారా? కింద కామెంట్లలో ఆ పేరు రాయండి... ఈసారి బొమ్మ పెట్టి వదిలేయను, వాళ్లెవరో అడుగుతాను.