గుప్పిట్లో తీగ

తుఫాను రోజున పలాస బస్సులో పక్కసీటు ముసలాయన నా ఇయర్‌ఫోన్స్ అడిగాడు.

"సెల్లులో రేడియో ఉన్నాది గానీ, ఈ తీగ గుచ్చితేగానీ పలకదు బాబూ."

ఇలా అడిగి పట్టుకుని దిగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. పిన్ను ఇచ్చాను గానీ, చెవిలో పెట్టుకునే కొసలు నా దగ్గరే ఉంచుకున్నాను. ఆయన వాటిని అడగనైనా లేదు, స్పీకర్ పెట్టాడు. ఒకటే గరగర. ఇదేం వేషమోనని కొసల్ని గుప్పిట్లో బిగించాను. వెంటనే వార్తలు తేటగా వినిపించాయి.

టికెట్టు తీయడానికి వదిలితే మళ్లీ గరగర.

"ఒగ్గీకు బాబూ! నువ్వు పట్టుకుంటేనే పలుకుతాది. మా తమ్ముడు సంద్రంలో యాటకెల్లినాడు. పడవల కబురు సెప్తారు."

మళ్లీ పట్టుకున్నాను. పడవల మాట ఇంకా రాలేదు. నేను దిగాల్సిన నరసన్నపేట దాటిపోయింది. గుప్పిలి విప్పలేదు.